చౌడు మిద్దె పోస్టాఫీసు

ఎర్రబండ పోస్టాఫీసును మించిన కట్టడం అనంతపురం జిల్లాలో ఇంకొకటి లేదు. ఉందనేవాళ్లుంటే నా దగ్గరికి పంపండి, తర్వాత సంగతి నేను చూసుకుంటాను. ఆ బిల్డింగును సాక్షాత్తూ ఒక తెల్లదొర కట్టించాడు. తలుపుల చెక్క బర్మా నుంచి ఓడ మీద మద్రాసుకూ, అక్కడి నుంచి రైల్లో గుంతకల్లుకూ, గుంతకల్లు నుంచి పన్నెండు ఎద్దుల బండ్ల మీద ఎర్రబండకూ వచ్చింది. కౌంటరుకు వేసింది ఒకే ఒక్క బండరాయి. లండన్‌లో స్టాంపులమ్మే చోట కూడా అంత రాయి వేసి ఉండరు. వాకిలి ఎనిమిదడుగుల ఎత్తు ఎందుకు పెట్టారంటే, దొరగారు గుర్రం దిగకుండానే లోపలికి వచ్చి, ఉత్తరం పోస్టు చేసి, అట్లాగే తిరుక్కుని పోయేందుకు.

అంతటి పోస్టాఫీసుకు 1979 వేసవిలో గండం వచ్చిపడింది.

బెళుగుప్ప నుంచి రాయదుర్గం పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది ఎర్రబండ. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, మనసైతే. ఊరికి మూడు మైళ్ల దూరంలో, మెయిన్‌రోడ్డు క్రాసు దగ్గర ఎవరో కొత్తగా సిమెంటు స్లాబు బిల్డింగు కట్టి, పోస్టాఫీసుకు ఇస్తామని అర్జీ పెట్టుకున్నారు. జిల్లా ఆఫీసు వాళ్లకు ఆ మాట నచ్చింది. ఎర్రబండలో ఉన్నది మట్టి మిద్దె. కింద తుమ్మ దూలాలు, వాటి మీద వేపమండలు, ఆపైన జానెడు మందాన చౌడు మన్ను. అది కారుతుందని తేలితే చాలు, పోస్టాఫీసును క్రాసుకు మార్చేస్తారు. తేల్చుకు రమ్మని ఒక ఓవర్సీరును పంపారు.

ఆ ఓవర్సీరు పేరు జయరాముడు. ఊరు కదిరి. పాతికేళ్లవాడు, పాలిటెక్నిక్ చదివినవాడు. బస్సు దిగి పోస్టాఫీసు దాకా నడిచేసరికి అతని బెల్‌బాటమ్ ప్యాంటు ఎర్రబండ వీధిని శుభ్రంగా ఊడ్చేసింది. మిద్దెక్కి చూశాడు, దిగాడు, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చదువుకున్న పుస్తకంలో మిద్దె పరీక్షకు ఒకటే పద్ధతి ఉంది. పైన నీళ్లు నిలగట్టి, ఒక రోజంతా కింద నిలబడి చూడాలి.

పోస్టుమాస్టరు తిప్పయ్యను పిలిచి నలభై బిందెల నీళ్లు కావాలన్నాడు. తిప్పయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, వినబడనట్టు లోపలికి వెళ్లిపోయాడు. నలభై ఏనుగులు కావాలన్నా ఇంతకంటే నయంగా ఉండేది.

సరే, తానే అడుగుదామని జయరాముడు పోస్టాఫీసు వెనకున్న బోరింగు దగ్గరికి పోయాడు. ఇంటికి రెండు బిందెల లెక్కన ఆడవాళ్లు తెల్లవారకముందు నుంచీ వరసలో ఉన్నారు. ఆ సమయంలో బోరింగు కొడుతున్న పిల్ల ఆంజినమ్మ. ఆ పోస్టాఫీసు బిల్డింగు గలాయన హనుమంతరాయుడి ఒక్కగానొక్క కూతురు. పది పాసైంది, ఇరవై రెండు నిండాయి, ఊళ్లో ఎవరికీ బెదరదు.

"నలభై బిందెలా? ఎవురింట్లో సార్ పెండ్లి?" అంది ఆమె, కొట్టడం ఆపకుండా.

"పెండ్లి కాదండీ. ఈ మిద్దె మీద పోయల్ల. కారుతాదో లేదో చూడల్ల."

ఆంజినమ్మ బోరింగు పిడి వదిలేసింది. వెనక్కి తిరిగి వరసంతటికీ వినబడేట్టు, ఈ సారు మన నీళ్లు మిద్దెకు తాపుతాడంటమ్మా అని చెప్పింది. ఒక నవ్వు మొదలై వరస చివరిదాకా పోయి వెనక్కొచ్చింది. హనుమంతరాయుడి అక్క గంగక్క తన చెంబులో అడుగున మిగిలిన నీళ్లు చూపించి, దీంతో మొదలుపెట్టు నాయనా అంది.

జయరాముడికి చెవులు ఎర్రబడ్డాయి. మరి నీళ్లెట్ల అని గొణిగాడు.

"వానొచ్చేదాకా ఉండండి సార్. అదైతే ఊరికే పోస్తాది," అంది ఆంజినమ్మ.

"వానెప్పుడొస్తాది?"

అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. రెండేళ్లుగా ఎర్రబండలో మట్టి వాసన లేచేంత వాన లేదు. ఆంజినమ్మ బిందె ఎత్తి చంకకు వేసుకుంది. పోతూ పోతూ, ఆ సంగతి మీ ఆఫీసులో కనుక్కుని మాకు గూడా ఒక కార్డు ముక్క రాయండి అంది. ఆ పోయేటప్పుడు ఒక చూపు చూసింది. అది తిట్టో, నవ్వో జయరాముడు అనంతపురం చేరేదాకా తేల్చుకోలేకపోయాడు. బస్సులో టిక్కెట్టు తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

నీళ్ల పరీక్ష ఇక్కడ కుదరదని అతడు ఆఫీసుకు రాశాడు. వాన పడినప్పుడు స్వయంగా పోయి చూడమనీ, ఏ సంగతో దీపావళి లోపల తేల్చమనీ ఆఫీసు జవాబిచ్చింది. దాంతో ఒక ఏర్పాటు జరిగింది. ఎర్రబండ మీద మబ్బు కనబడితే తిప్పయ్య తంతి కొట్టాలి. తంతి అందగానే జయరాముడు బస్సెక్కాలి. జిల్లాలో మబ్బు కోసం తంతి కొట్టిన పోస్టాఫీసు అదొక్కటే. ఈ మాట మాత్రం నిజం.

మొదటి తంతి ఆషాఢంలో వచ్చింది. 'మబ్బు పట్టింది, బయల్దేరండి.' జయరాముడు రెండు బస్సులు మారి, గొడుగు చేతపట్టుకుని దిగేసరికి ఎండ ఫెళఫెళలాడుతోంది. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న ఆంజినమ్మ తలెత్తింది.

"మబ్బు మీకు ఎదురొచ్చుంటాదే సార్. దావలో కనపడలేదా?"

వచ్చినందుకు ఏదో ఒక పని చూపించాలి గదా. ఆ పూట గోడలు కొలిచాడు. రెండడుగుల మందం, రాతి కట్టడం, సున్నం లేదు, బురదతోనే పేర్చారు. రెండో తంతికి వచ్చి దూలాలు లెక్కపెట్టాడు. మూడో తంతికి గవాక్షి కొలిచాడు. వెలుతురు కోసం మిద్దెలో వదిలిన ఆ కంతకు, వాన వచ్చినప్పుడు పైనుంచి ఒక పలకరాయి కప్పుతారని ఆంజినమ్మ చెప్పింది. నాలుగో తంతికి వాకిలి కొలిచాడు. ఎనిమిదడుగుల రెండంగుళాలు. దొర గుర్రం దిగకుండా రావాలని ఇంత ఎత్తు పెట్టించాడట గదా అన్నాడు.

"ఎవురు చెప్పినారు?"

ఊళ్లో ఒక ముసలాయన చెప్పినాడన్నాడు జయరాముడు.

"ఆయప్పనా. ఆయప్ప మాట నమ్మితే మా ఊర్లో సముద్రం గూడా ఉండాది సార్," అని ఆంజినమ్మ చెనిక్కాయల చాట పక్కన పెట్టి లేచింది. "ఇది ఎద్దుల కొట్టం. మా నాయనకు నాయన, మా జేజినాయన లింగప్ప కట్టించినాడు."

సరే, ఒప్పుకుంటాను. దొర లేడు, గుర్రమూ లేదు. బర్మా టేకు కూడా లేదు, తలుపులు మన వంక గట్టు మీది వేపచెట్టువే. కానీ ఎద్దుల కొట్టమని మొదటే చెబితే మీరు ఇంతదూరం వచ్చి ఉండేవాళ్లా?

వాకిలి ఎత్తుగా ఉన్నది ఎండుగడ్డి నిండుగా వేసిన బోదబండి లోపలికి రావడానికి. కౌంటరు బండ ఎద్దులు మేత మేసిన గాడి. అంచు నున్నగా అరిగింది స్టాంపులు కొన్నవాళ్ల మోచేతుల వల్ల కాదు, ముప్పై ఏళ్లు ఎద్దుల మెడలు రాసుకోవడం వల్ల. గోడల్లో ఉన్న పన్నెండు గూళ్లు దీపాలు పెట్టుకునేవి. తిప్పయ్య వాటిలోనే ఊరికొక గూడు చొప్పున ఉత్తరాలు సర్దుతాడు. ఆయన గొడుగు తగిలించుకునే ఇనుప కడియం కూడా ఎద్దును కట్టేసిందే.

ఆంజినమ్మ ఆ కడియాన్ని చేత్తో పట్టుకుని మిగతాది చెప్పింది. ఒక కరువు సంవత్సరం గడ్డిపరక దొరక్క, లింగప్ప తన ఎనిమిది ఎద్దులనూ మేతకని మైసూరు సీమ వైపు తోలించాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఖాళీ కొట్టం చూడలేక ఆయన ఆరునెలలు ఆ దోవన నడవడమే మానేశాడు. తర్వాత టపా వాళ్లు చోటు కోసం అడిగితే, ఇందులో మనుషుల సద్దు ఉంటే చాలని ఇచ్చేశాడు.

"మా నాయన నోరు తెరిచి ఏమీ అనడు," అంది ఆంజినమ్మ. "పోస్టాఫీసు పోతే ఇది మళ్లీ ఖాళీ అయితాది. నేనుండగా కానీను. మీరు ఎన్నిసార్లన్నా కొలుచుకోండి."

ఇక మిద్దె సంగతి ఆమే చూసుకునేది. తల్లి నేర్పిన పని, తల్లి పోయినాక ఆమె ఒక్కతే చేస్తోంది. ఏటా ఎండల్లో వంక ఒడ్డున తెల్లగా పొంగిన చౌడు తవ్వి, గంపలతో మోసి, మిద్దె మీద పరిచి, దిమ్మిసతో కొట్టి, మొలిచిన గడ్డి పీకి, పగిలిన చోటల్లా చేత్తో తడిమి పూడుస్తుంది. ఆ చేతుల గురించి జయరాముడు తన కొలతల పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. రాసుకునే అవసరం కూడా లేకపోయింది. గుర్తుండిపోయాయి.

ఏడో తంతి వచ్చిననాడు అనంతపురంలో తారు కరుగుతోంది. అయినా వచ్చాడు. ఎర్రబండ మీద ఆకాశం చాకలి ఉతికి ఆరేసినట్టుంది. తిప్పయ్య అతన్ని చూడగానే తంతి మిషను మీదికి వంగి, రాని తంతిని తీసుకోవడం మొదలుపెట్టాడు. అరుగు మీద గంగక్క మాత్రం, మబ్బు యాడుండాదో మా పిల్లనడుగు నాయనా అని తమలపాకు నోట్లో పెట్టుకుంది.

ఆంజినమ్మ వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసింది.

"పొద్దన ఉండె సార్. చిన్నది."

"ఎంత?"

ఆమె అరచెయ్యి చూపించింది. తర్వాత ఆలోచించి, దాన్ని సగం ముడిచింది.

"ఇంత మబ్బుకే తంతి కొట్టించినారా?"

"తిప్పయ్య సార్‌కు చూపు ఆనదు. నేనే చెప్పినా," అంది. చెప్పి లోపలికి పోయింది. చెంబుతో మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టి, చెంబు వైపే చూస్తూ నిలబడింది.

ఆ పూట జయరాముడు కొలిచిందేమీ లేదు. టేపు జేబులోంచి తీయనే లేదు.

తిరుగు బస్సులో అతనికి ఒక సంగతి తట్టింది. వాన పడితే మిద్దె సంగతి తేలుతుంది. తేలితే తన రాకపోకలు ఆగిపోతాయి. జిల్లా అంతా వాన కోసం చేతులెత్తి మొక్కుతుంటే, పడకుండా ఉంటే బాగుణ్ణని అనుకునే మనిషి తానొక్కడే ఉన్నాడు. ఆ ఊహ వారం రోజులు హాయిగా కడుపులో దాచుకున్నాడు.

తర్వాతి తంతికి వచ్చినప్పుడు హనుమంతరాయుడు అతన్ని భోజనానికి పిలిచి, తిన్నాక చేను దగ్గరికి వెంటబెట్టుకుపోయాడు. తంతికి అందకుండా ఒక రాత్రి వచ్చిపోయిన ఒక్క పదును వాననే నమ్మి విత్తిన వేరుశనగ. ఆకులు మిట్టమధ్యాహ్నం చేతులు జోడించినట్టు ముడుచుకుని ఉన్నాయి. ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే వేళ, ఇంకో పదిరోజుల్లో పడకపోతే చెట్టును పశువులకు పీకేయడమేనని హనుమంతరాయుడు మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. జయరాముడు వంగి ముడుచుకున్న ఒక ఆకును విప్పబోయి వదిలేశాడు. ఆ రోజు నుంచి అతడు కూడా వాన పడాలనే మొక్కాడు.

మొక్కాడు గానీ, వెంటనే ఇంకో భయం పట్టుకుంది. వాన పడి మిద్దె కారితే? కౌంటరుకు నేరుగా పైన, మిద్దె మూలలో వెంట్రుకంత చీలిక ఒకటి అతని కంటబడింది. ఆంజినమ్మకు చెబితే సరిపోయేది. చెప్పలేదు. పాలిటెక్నిక్ చదివిన బుర్ర, ప్రేమలో పడిన బుర్ర, రెండూ కలిసి పని చేస్తే ఏమవుతుందో చూడండి. అనంతపురం నుంచి చిన్న సంచిలో సిమెంటు తెచ్చాడు. ఊరంతా సంతకు పోయిన బుధవారం పగటిపూట మిద్దెక్కాడు. ఆ మూల చౌడు చేటంత వెడల్పున తవ్వి, సిమెంటు పూసి, నున్నగా మెత్తి, ఎవరికీ కనబడకుండా పైన మళ్లీ చౌడు చల్లాడు. చేసిన పనికి తనే మురిసిపోయి, కిందికి దిగి మూడు చెంబుల మజ్జిగ తాగాడు. రాని సంబంధం కుదిర్చి వచ్చిన పెళ్లిళ్ల పేరయ్యలా ఉన్నాడు ఆ పూట.

పెద్దల అమావాస్య దాటిన మూడో నాటి మధ్యాహ్నం బళ్లారి దిక్కు నల్లబడింది. ఈసారి తంతి అవసరం లేకపోయింది. జయరాముడు ఏ తంతీ లేకుండానే వచ్చి ఎర్రబండలోనే ఉన్నాడు. ముందు గాలి వచ్చింది, తర్వాత మట్టి వాసన, ఆ తర్వాత ఊరి మీద ఎవరో గంపలతో కుమ్మరించినట్టు వాన. వీధిలో ఒక్కరూ గొడుగు తీయలేదు, చూరు కిందికి పోలేదు. ముసలీ ముతకా నడివీధిలో నిలబడి తడిశారు. హనుమంతరాయుడు చెప్పులు కూడా వేసుకోకుండా చేను వైపు పోయాడు.

ఆంజినమ్మ మిద్దెక్కి గవాక్షికి పలకరాయి కప్పి, నిలువునా తడిసి దిగొచ్చింది. జడ చివర నుంచి నీళ్లు కారుతుంటే జయరాముడు మిద్దె కప్పు చూడాల్సినవాడు కాసేపు పొరపాటున వేరే వైపు చూశాడు. గంగక్క దగ్గింది. అతడు తల పైకెత్తాడు.

పోస్టాఫీసులో నలుగురూ, తిప్పయ్యతో సహా, మెడలు వెనక్కి వాల్చి కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. అరగంట. గంట. దూలం పొడి. వేపమండలు పొడి. తిప్పయ్య పెదాల మీద నవ్వు మెల్లగా మొదలైంది.

టప్‌మని ఒక చుక్క కౌంటరు బండ మీద పడింది.

రెండోది పడింది. మూడోదానికి గంగక్క జిగురు గిన్నె తెచ్చి కింద పెట్టింది.

"ఆ మూల కారేదానికి వీల్లే," అంది ఆంజినమ్మ. "నేను తడిమి చూసినా." అని ఇంకెవరూ ఏమీ అనేలోపు మళ్లీ మిద్దె మెట్లెక్కింది. జయరాముడికి విషయం అప్పటికే తెలిసిపోయింది. వెనకే ఎక్కాడు.

వానలో మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఆ మూల చౌడును వేళ్లతో తోడేసింది. కింద బూడిద రంగు బిళ్ల కనిపించింది. చౌడు తడిసి ఉబ్బింది, సిమెంటు ఉబ్బలేదు. రెండింటి మధ్య వేలు పట్టేంత సందు. ఆ సందులోంచి నీళ్లు పిల్లకాలవలా దిగుతున్నాయి.

"ఇది ఎవురు పెట్టినారు?"

"నేనే."

"ఎందుకు?"

"కారగూడదని." వాన చప్పుడులో అతడు గొంతు పెంచాల్సి వచ్చింది. మెల్లగా చెప్పుకోవలసిన మాట అరిచి చెప్పాల్సిన ఖర్మ పట్టింది. "కారితే పోస్టాఫీసు పోతాది. పోస్టాఫీసు పోతే నాకు ఈ ఊర్లో పనుండదు. పని లేకపోతే మిమ్మల్ని చూసేది ఎట్ల? చూడకుండా ఉండలేను ఆంజినమ్మా."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. కళ్లలో ఉన్నది వాననీళ్లో, మరొకటో తెలియడం లేదు.

"మా అమ్మ పోయి ఆరేండ్లాయె. ఈ ఆరేండ్లలో ఒక్క చుక్క రానీలే. నన్ను చూసేకి అన్నిసార్లు వచ్చినారు గదా, నా చేతి పని మీద ఇంత నమ్మకం లేకపాయెనా?"

సందులో ఇంత చౌడు మెత్తి, కాలితో అదిమి, ఆమె దిగిపోయింది. చుక్కలు ఆగాయి. ఆమె పోస్టాఫీసులో నిలవకుండా ఇంటికి పోయింది.

వాన వెలిసింది. రిపోర్టు రాయాలి. తిప్పయ్య చల్లగా సలహా ఇచ్చాడు. సిమెంటు సంగతి మన నలుగురికే తెలుసు, ఎండ కొడితే తడి ఆరిపోతుంది, కారలేదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టెయ్యి అన్నాడు. ఆయన భయం ఆయనది. రిటైరయ్యే ముందు మూడు మైళ్లు నడిచి క్రాసుకు పోవడం ఆయన వల్ల కాదు.

అంతలో హనుమంతరాయుడు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. ఆ బురదను ఆయన పట్టుపంచెలా ప్రదర్శిస్తున్నాడు. జరిగినదంతా విన్నాడు. గిన్నెలో నీళ్లు చూశాడు, కప్పు చూశాడు, కుర్రవాణ్ణి చూశాడు.

"రాసేది నువ్వప్పా. మేము చెప్పి రాయించేది కాదు," అని అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

జయరాముడు ఒకప్పటి ఎద్దుల గాడి మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది ఇంగ్లీషులో. తిప్పయ్య దాన్ని తెలుగు చేసి అరుగు మీదివాళ్లకు వినిపించాడు. గంటన్నర గట్టి వాన. మిద్దె మొత్తంలో కారింది ఒక్కచోట. ఆ చోట ఎవరి అనుమతీ లేకుండా సిమెంటు వేసింది ఓవర్సీరు. చౌడుకూ సిమెంటుకూ పొసగదని అతనికి తెలియదు, తెలిసినవాళ్లు పక్కనే ఉన్నా అడగలేదు. తప్పు కట్టడానిది కాదు, దాన్ని చూసుకునేవాళ్లదీ కాదు, కింద సంతకం చేసినవాడిది.

చదవడం అయ్యాక తిప్పయ్య, ఉద్యోగం పోతాదేమోనప్పా అన్నాడు. జయరాముడు కవరు అంటించి, బయటికొచ్చి, తన చేత్తో తనే ఎర్ర డబ్బాలో వేశాడు. వేసి బస్సెక్కాడు. ఆంజినమ్మ ఇంటి వాకిలి మూసి ఉంది.

దీపావళి ముందు ఆర్డరు వచ్చింది. పోస్టాఫీసు ఎర్రబండలోనే, లింగప్ప కొట్టంలోనే ఉంటుంది. ఓవర్సీరుకు ఒక మెమో. దాంతోపాటు హిందూపురానికి బదిలీ. ఉద్యోగం మాత్రం పోలేదు. ఇంత నిజం రాసినవాణ్ణి ఏం చేయాలో ఆఫీసు వాళ్లకు పాలుపోయి ఉండదు.

ఆర్డరు కాపీతోపాటు రిపోర్టు కాపీ కూడా బిల్డింగు గలాయన పేర వచ్చింది. హనుమంతరాయుడు దాన్ని కూతురికి ఇచ్చి పొలానికి పోయాడు. ఆ రాత ఇంగ్లీషులో ఉండబట్టి ఆంజినమ్మకు చదవడానికి ఒక పూటంతా పట్టింది. ఆ తర్వాత నెలరోజులు ఆమె ఎవరితోనూ వెటకారమాడలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లకు ఊసుపోవడం కష్టమైపోయింది. అన్నం తినేటప్పుడు గంగక్క జయరాముడి పేరు ఎత్తింది. మా ఊరి మీద ఆయప్పకేం పని అత్తా అని ఆంజినమ్మ లేచిపోయింది. కంచంలో సంగటి అట్లాగే ఉంది. హనుమంతరాయుడు ఆ కంచం చూశాడు.

ఆ వాన పుణ్యాన చేను సగానికి పైగా పండింది. కాయలు కొట్టినాక ఆయన రాయదుర్గం మార్కెట్టుకు పోవలసినవాడు, ఎవరికీ చెప్పకుండా బండెడు మూటలు లారీకెక్కించి కదిరికి పోయాడు. అక్కడ వేరుశనగ మండీలో గుమాస్తా ఆదెన్న. జయరాముడి నాయన. మూటలు దించాక హనుమంతరాయుడు ఆయన ఎదురుగా కూర్చున్నాడు. మీ కొడుకు మా మిద్దె మీద సిమెంటు పోసినాడు, వచ్చి తీయమనండి అన్నాడు.

ఆదెన్న హడలిపోయాడు. కొడుకు ఎవరి ఇల్లో చెడగొట్టాడనీ, ఇది పోలీసుల దాకా పోతుందనీ అనుకున్నాడు. ఆ సాయంత్రమే హిందూపురం పోయి కొడుకును నిలదీశాడు. కొడుకు ముఖం ఎందుకు వెలిగిపోతోందో ఆయనకు బోధపడలేదు. మర్నాడు ఇద్దరూ ఎర్రబండలో దిగారు. క్షమాపణకని ఆదెన్న చేతిలో రెండు డజన్ల అరటిపండ్లు పట్టుకున్నాడు.

హనుమంతరాయుడు అరటిపండ్లు తీసుకుని, ఆదెన్నను పోస్టాఫీసు అరుగు మీద కూర్చోబెట్టాడు. మా పిల్ల పైనుండాది, పోయి పని చూడు అని జయరాముడికి చెప్పి, గోత్రమేమిటో, బంధువులెవరో ఆదెన్నను నిదానంగా విచారించడం మొదలుపెట్టాడు. మూడో ప్రశ్న దగ్గర ఆదెన్నకు విషయం అర్థమైంది. ఒక అరటిపండు తీసుకుని తనే ఒలుచుకున్నాడు.

మెట్ల దగ్గర ఆంజినమ్మ చౌడు గంపతో నిలబడి ఉంది. గంప అతని నెత్తిన పెట్టి ముందు నడిచింది.

పైన గడ్డపార ఇచ్చి, మెల్లగా తవ్వమంది. కింద వేపమండలకు తగలకూడదంది. సిమెంటు బిళ్ల ఊడి రావడానికి గంట పట్టింది. ఆ గంటా ఆమె పొడిపొడిగా పని చెప్పింది, అతడు చెప్పినట్టు చేశాడు. గుంతలో కొత్త చౌడు పోసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతులతో అదిమారు.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడు జయరాముడు.

"ఉండాది. ఈ మూల కారకుంటే పోతాది."

"కారుతాదో లేదో వానొస్తే గదా తెలిసేది."

"అవును. అందాక ఈడనే ఉండి చూసుకోవల్ల."

"మన సీమలో వానెప్పుడొస్తాదో ఎవురికి తెలుసు?"

ఆంజినమ్మ చౌడు మీద నుంచి కళ్లెత్తలేదు. "ఎన్నేండ్లయినా పట్టనీ," అంది.

కింది నుంచి హనుమంతరాయుడి గొంతు వినిపించింది. పనైపోయిందా అమ్మా అని. ఇంకా కాలే నాయనా అంది ఆంజినమ్మ. మాకేం తొందర లేదులే అని జవాబొచ్చింది, తాంబూలం పళ్లెం చప్పుడుతోపాటు. మాఘమాసంలో పెళ్లి జరిగింది. కదిరి వాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు.

ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. మిద్దె మీద వాళ్లిద్దరూ అనుకున్నారని చెప్పిన మాటలు నేను కల్పించినవి. ఆ పైన ఇంకెవరూ లేరు, వినడానికి వీల్లేదు. తర్వాత ఆంజినమ్మను అడిగితే, చౌడు గురించి మాట్లాడుకున్నామని చెప్పింది. జయరాముణ్ణి అడిగితే, గడ్డపార పట్టుకోవడం రాదని తిట్టిందన్నాడు. నేను ఎదురుగా అంగడి బల్ల మీద కూర్చుని, కళ్లారా చూసింది ఇంతే. పొద్దు వాలుతుండగా ఇద్దరూ మెట్లు దిగారు, మోచేతుల దాకా తెల్లగా చౌడు. గంప ఖాళీ. దాన్ని చెరొక పక్కా పట్టుకుని మోసుకొచ్చారు.

ఖాళీ గంపకు ఇద్దరెందుకో మీరే చెప్పండి.